కుందనపల్లి బూడిద: లెక్క టన్నులకే, నేలకు కాదు

ఎండలు ముదిరి గాలులు మొదలయ్యాయంటే రామగుండం పక్కన, ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం తన బూడిదను నింపే కుందనపల్లి బూడిద చెరువు మళ్లీ వార్తల్లోకి వస్తుంది. ఇళ్ల మీద, పంటల మీద బూడిద కమ్ముకుంటోందని గ్రామస్థులు రోడ్డెక్కడం, నీళ్లు చల్లిస్తామని యాజమాన్యం చెప్పడం ఏళ్లుగా చూస్తున్నదే. 1983లో ఎన్టీపీసీ కేంద్రం ఎలా మొదలైందో, 2600 మెగావాట్లకు ఎలా పెరిగిందో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ గొడవ ఇప్పటికీ తెగకపోవడానికి మూలం 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉంది.

అంతవరకు బూడిద వదిలించుకోవాల్సిన వ్యర్థం. ఆ రోజు నుంచి వాడి తీరాల్సిన సరుకైంది. 50 కిలోమీటర్ల లోపు ఇటుక బట్టీలవాళ్లు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలన్నారు. విద్యుత్ కేంద్రాలు దాన్ని పదేళ్లపాటు ఉచితంగా ఇవ్వాలన్నారు. పంట భూముల పైమట్టిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. ఆ పరిధిని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. దీంతో అధికారుల ముందు ఒక్క ప్రశ్నే మిగిలింది: ఎంత శాతం బూడిద ఎత్తారు? ఆ బూడిద పడిన చేను ఏమైందన్న ప్రశ్న పక్కకు పోయింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలైతే పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ అంటూ బూడిదను ఆ జాబితా నుంచే తప్పించాయి.

బూడిదలోని లోహాలు గాజులాంటి రేణువుల్లో బిగిసి ఉంటాయి కాబట్టి నేలకు హాని లేదన్నది విద్యుత్ సంస్థలు సాధారణంగా చెప్పే మాట. అందులో కొంత నిజముంది.

గ్రామస్థుల భయానికి ఆధారం అంతకంటే గట్టిది. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. మండేది మండిపోయాక ఆర్సెనిక్, సీసం, క్రోమియం, నికెల్ వంటివి మిగిలినదాంట్లో రెండు మూడింతలు చిక్కబడతాయి. కొలిమి వేడికి ఆవిరైన ఆర్సెనిక్, సీసం చల్లబడేటప్పుడు అతి సన్నని రేణువుల పైపొరకు అంటుకుంటాయి. గాలికి ఎగిరేవీ ఆ సన్నని రేణువులే. పురుగుమందుల్లో చాలావరకు కాలక్రమంలో విరిగిపోతాయి. లోహం విరిగిపోదు, ఏటా పడినదాని మీద మళ్లీ పడుతుంది. పైగా గోదావరి మీది ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లున్న ఈ ప్రాంతంలో వరి ప్రధాన పంట. నీరు నిలిచిన మడిలో గాలి ఆడదు. మట్టిలోని ఇనుము పట్టి ఉంచిన ఆర్సెనిక్ అప్పుడు విడివడి వేళ్లకు అందుతుంది. అదే నీరు నిలవని చెల్క భూమిలో జొన్న వేస్తే ఆ ముప్పు బాగా తక్కువ. కాబట్టి బూడిదను ఒక్కదాన్నే ప్రయోగశాలలో పరీక్షించి హాని లేదంటే సరిపోదు, ఆ మడిలోని మట్టిని, అక్కడ పండిన గింజను కూడా పరీక్షించాలి.

2021 డిసెంబరు 31 నాటి కొత్త నోటిఫికేషన్ కూడా పాత దారినే నడిచింది. బూడిద మొత్తాన్నీ వాడాలని, చెరువుల్లో పేరుకుపోయినదాన్ని పదేళ్లలో ఖాళీ చేయాలని, వాడని ప్రతి టన్నుకు వెయ్యి రూపాయలు కట్టాలని చెప్పింది. బూడిద తరలించే లారీల రద్దీ అందుకే పెరిగింది. 2024 జూన్‌లో అధిక లోడు మీద రాజకీయ ఆరోపణలు చెలరేగినప్పుడు కూడా చర్చంతా టన్నుల చుట్టూ, డబ్బు చుట్టూ తిరిగింది. అదే నోటిఫికేషన్‌లో మరో మాట ఉంది: వ్యవసాయానికి బూడిద వాడాలంటే భూసార పరీక్ష చేసి, మోతాదు ప్రకారమే వాడాలి. రైతు కావాలని చల్లుకునే బూడిదకు పరీక్ష ఉన్నప్పుడు, అతనికి ఇష్టం లేకుండా గాలి తెచ్చి పోసే బూడిదకు ఎందుకుండకూడదు?

2025 జులైలో వచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ఇందుకు ఒక దారి చూపుతున్నాయి. కలుషితమైనట్టు అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. ఆ సమాచారం అందాక 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరగాలి. కలుషితమని తేలితే శుద్ధి ఖర్చు కారకులే భరించాలి. కుందనపల్లి చుట్టుపక్కల పొలాలను ఆ జాబితాలో చేర్చి పంపాల్సింది పెద్దపల్లి జిల్లా యంత్రాంగమే.