పాప గదిలో ఏసీ బిగించే ముందు

చి. బుజ్జమ్మకు, చి. నానికి,

తాతయ్య ఆశీస్సులు.

పాపకు ఒంటినిండా చెమటకాయలు లేచాయని, పడుకునే గదికి ఏసీ కొన్నారని, శనివారం బిగించడానికి మనిషి వస్తాడని నిన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మూడు నెలల పసిగుడ్డు ఎలా తట్టుకుంటుంది? ఇక్కడ మా బెజవాడలో మేడ మీది ట్యాంకు నీళ్ళు సాయంత్రానికి స్నానం చెయ్యలేనంతగా కాగిపోతున్నాయి.

శనివారం మీ నాన్నగారికి డ్యూటీ ఉందట. అమ్మ పాపను వదిలి రాలేదు. కాబట్టి మెకానిక్ పక్కన నిలబడి చూసేది మీరిద్దరే. ముప్పై రెండేళ్ళు కరెంటు పని చేసిన మనిషిగా మీకు కొన్ని సంగతులు రాయాలనిపించింది. ఏసీలో ప్రమాదం తెచ్చేవన్నీ తర్వాత కంటికి కనపడనివే. గోడలో వైరు, పైపుల అతుకులు, బయట గోడకు పట్టిన బోల్టులు, ఇవన్నీ బిగించే ఆ రెండు గంటలే కనిపిస్తాయి. ఆ తర్వాత టేపు చుట్టేస్తారు, మూత వేసేస్తారు, పదేళ్ళ దాకా ఎవరూ చూడరు. అందుకే ఆ రెండు గంటలూ కళ్ళు పెట్టి చూడండి.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్తాను. మన వంటింట్లో మట్టికుండ ఉంది కదా. కుండ గోడల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచే లాక్కుంటుంది, అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఏసీ చేసేదీ అదే. గదిలో ఉన్న పెట్టెలో సన్నటి రాగి గొట్టాలుంటాయి. వాటిలో ఒక ద్రవం ఆవిరవుతూ గదిలోని వేడిని తాగేస్తుంది. ఆ ఆవిరి పైపు గుండా బయటి పెట్టెకు పోతుంది. అక్కడ కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది, ఫ్యాను వేడిని బయటి గాలిలోకి ఊదేస్తుంది, ఆవిరి మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. కుండలో నీరు గాలిలో కలిసి పోతుంది కాబట్టి రోజూ పోస్తాం. ఏసీలో పోయేదేమీ లేదు, అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది.

ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలా మోసాలు తప్పుతాయి. ఏటా వేసవిలో ఎవరో వచ్చి "గ్యాసు అయిపోయిందండీ, నింపాలి" అంటారు. స్కూటర్లో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాసు అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు పట్టుకుని బాగు చెయ్యకుండా నింపితే, మళ్ళీ వచ్చే ఏడాదికి అదే కథ. అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే కారే చోట బుడగలు లేస్తాయి. సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికేటప్పుడు చూసే ఉంటారు, అలాగే.

ఇప్పుడు కరెంటు సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

నా పనిముట్ల పెట్టెలో ఒక సాకెట్టు ఉంది. నాని చిన్నప్పుడు దాన్ని తీసి "తాతయ్యా, ఇది చాక్లెట్ లాగా కరిగిపోయిందేంటి?" అని అడిగాడు. మన మేడ మీద అద్దెకున్నవాళ్ళ గదిలోంచి ఊడదీశాను దాన్ని. వాళ్ళు ఏసీకి విడిగా వైరు లాగించుకోలేదు. పెద్ద ప్లగ్గుకు కన్వర్టరు తగిలించి, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టారు. నెల రోజులు బాగానే నడిచింది. ఒక రాత్రి రబ్బరు కాలిన వాసన వస్తోందని కిందికి పరుగెత్తుకొచ్చారు. మెయిన్ ఆపి, సాకెట్టు విప్పి చూస్తే వెనక ప్లాస్టిక్కు మైనంలా జారి గోడకు అంటుకుపోయింది. ఎర్రటి వైరు తొడుగు నల్లబడి, వేలితో తాకితే అప్పడంలా పొడిపొడిగా రాలింది. ఆ మంచం మీద వాళ్ళ పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఆ సాకెట్టును పారెయ్యకుండా ఉంచుకున్నాను.

ఎందుకలా కాలిందో లెక్క చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడిచేటప్పుడు సుమారు 1500 నుంచి 1800 వాట్లు లాగుతుంది. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. భాగిస్తే ఏడెనిమిది ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్టు మీద ఆ బరువు రాత్రంతా పడుతుంది. మిక్సీ అయితే రెండు నిమిషాల్లో ఆపేస్తాం, ఏసీని ఎనిమిది గంటలు ఆపం. దానికి తోడు ప్లగ్గు కాస్త లూజుగా ఉంటే ఆ కాస్త సందులోనే వేడి పుడుతుంది.

కాబట్టి ఏసీకి మీటరు బోర్డు నుంచి దానికంటూ విడి వైరు రావాలి. రాగి వైరు, 4 చదరపు మిల్లీమీటర్లది వేయించమని నాన్నగారికి చెప్పాను. చివర 16 ఆంపియర్ల సాకెట్టు, మధ్యలో ఎంసీబీ, అంటే బరువు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎంత ఖరీదైనదైనా సరే, ఏసీకి వద్దే వద్దు. ఎంసీబీ గురించి ఒక హెచ్చరిక. అది మాటిమాటికీ పడిపోతుంటే కొంతమంది దాన్ని తీసి ఇంకా పెద్దది వేసేస్తారు. ఎంసీబీ కాపాడేది వైరును. వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఎంసీబీ పెడితే, అది పడిపోకముందే వైరు కాలుతుంది. అది పడిపోతోందంటే ఏదో చెప్పాలని చూస్తోందన్నమాట, కారణం వెతకాలి.

ఎర్తింగ్, అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే వైరు, అది కూడా అడగండి. సాకెట్టులో పైన ఉండే లావు రంధ్రం దానిదే. కొన్ని ఇళ్ళలో రంధ్రం ఉంటుంది గానీ వెనక వైరు ఉండదు. మెకానిక్ దగ్గర టెస్టర్ ఉంటుంది, "అంకుల్, ఎర్త్ వస్తోందా చూడండి" అని మర్యాదగా అడిగితే చూసి చెప్తాడు. మీ ఫ్లాట్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందని నాన్నగారు ఫొటో పంపారు, సంతోషం. మనిషి ఒంటి గుండా గానీ, ఇంకో దారిన గానీ కరెంటు నేలలోకి కారితే అది కళ్ళు మూసి తెరిచేలోగా ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ అని ఒక బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడమని అమ్మకు గుర్తుచెయ్యండి.

బయటి పెట్టె పాతిక నుంచి నలభై కిలోలుంటుంది. మీరుండేది నాలుగో అంతస్తు, కింద పిల్లలు ఆడుకునే చోటు. బ్రాకెట్టు గోడలో ఎలా పట్టిందన్నదే అక్కడ ప్రాణం. కొత్త అపార్టుమెంట్లలో చాలాచోట్ల తేలిక ఇటుకల గోడలు కడుతున్నారు, వాటిలో మామూలు బోల్టు పట్టు నిలవదు. గోడ ఏ ఇటుకదో మెకానిక్‌కు ముందే చెప్పండి. దానికి తగిన బోల్టులు వేస్తాడు, లేదంటే గోడకు ఆ వైపు నుంచి ఈ వైపుకు బోల్టు దూర్చి బిగిస్తాడు. పెట్టె వెనకా ముందూ గాలి ఆడాలి. అందం కోసం చుట్టూ మూసేస్తే అది ఊదిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది, కరెంటు తాగుతుంది, కంప్రెసర్ పాడవుతుంది. బాల్కనీ పిట్టగోడ పక్కన మాత్రం పెట్టనివ్వకండి. రేపు పాప నడక నేర్చాక దానికి అది మెట్టయిపోతుంది. నానీ, నీక్కూడా చెప్తున్నాను, దాని మీదికెక్కి గాలిపటం ఎగరెయ్యకూడదు.

ఇంకో మాట. ఆ పెట్టె బిగించేవాడు కిటికీలోంచి బయటికి వంగి పనిచేస్తాడు. నడుముకు బెల్టు కట్టుకున్నాడో లేదో చూడండి. లేకపోతే "బెల్టు తెచ్చుకుని రేపు రండి, మాకు తొందర లేదు" అని అమ్మ చేత చెప్పించండి. ఒక రాత్రి ఉక్కపోత మనం భరించగలం. వచ్చేవాడు కూడా ఒక తల్లి బిడ్డే కదా. వచ్చీ రాగానే మంచినీళ్ళివ్వండి.

పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టాలి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు. పైపుల్లో మామూలు గాలి, తేమ ఉంటాయి, వాటిని పంపుతో పూర్తిగా లాగేసి ఆ తర్వాతే గ్యాసు వదలాలి. పంపు లేనివాళ్ళు గ్యాసునే కొంచెం వదిలి గాలిని బయటికి తోసేస్తారు. అలా చేస్తే తేమ లోపలే మిగిలిపోయి కొన్నాళ్ళకు కంప్రెసర్‌ను తినేస్తుంది. వదిలిన గ్యాసు కూడా ఊరికే పోదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-32. అది ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ళ లెక్కన సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది. అది ఓజోన్ పొరను తింటుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దేశాలన్నీ వదిలించుకుంటున్నాయి. బుజ్జమ్మా, ఓజోన్ పొర గురించి నీ సైన్సు పుస్తకంలో ఉంటుంది చూడు.

ఆర్-32 కొద్దిగా అంటుకునే గుణమున్న గ్యాసు. కొన్ని ఏసీల్లో ఆర్-290 ఉంటుంది, అది ప్రొపేనే, మన వంటగ్యాసు సిలిండర్లో ఉండేదాని తోబుట్టువు. అందుకని గ్యాసు పని జరిగేటప్పుడు ఆ గదిలో అగ్గిపుల్ల గియ్యకూడదు, దీపం ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ఏ గ్యాసో బయటి పెట్టె మీది చీటీలో రాసి ఉంటుంది, ఫొటో తీసి పెట్టుకోండి. పంపు కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. ఆపాక పైపులకు తగిలించిన గేజీలో, అంటే ఒత్తిడి చూపే గుండ్రటి మీటరులో, ముల్లు అక్కడే నిలబడాలి. మెల్లగా వెనక్కి వస్తోందంటే ఎక్కడో గాలి దూరుతోందన్నమాట. ముల్లును చూడటం మీ పని.

నీళ్ళ పైపు బయటికి వాలుగా పోవాలి. లోపలి పెట్టె కింద ఒక పళ్ళెం లాంటిది ఉంటుంది, అందులో చెంబెడు నీళ్ళు పోయించి ఎటు పోతున్నాయో చూడండి. గోడ మీదికి కారితే అప్పుడే సరిచేయించాలి, ఎందుకంటే ఆ గోడలోనే వైరూ ఉంటుంది. ఆ పైపులోంచి వచ్చే నీళ్ళు శుభ్రంగా కనిపించినా తాగకూడదు, లోపలి రాగి గొట్టాల మీది దుమ్మంతా కడుక్కుని వస్తాయవి. ఇల్లు తుడుచుకోండి.

ఇక రోజువారీ సంగతులు. రెండు వారాలకోసారి ముందు మూత తెరిచి జాలీలు తియ్యాలి. అంతకుముందు ఎంసీబీ కట్టెయ్యాలి, రిమోటుతో ఆపితే సరిపోదు. జాలీలను కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర పోతాయి. పూర్తిగా ఆరాకే బిగించాలి. ఈ పని మీరు చెయ్యొచ్చు, స్టూలు ఎక్కేది మాత్రం పెద్దవాళ్ళు. జాలీ వెనక కనిపించే సన్నటి రేకులను తాకకండి, బ్లేడుల్లా కోస్తాయి. బయటి పెట్టెను ఎప్పుడూ విప్పకండి. లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్ ఉంటుంది, కరెంటు ఆపాక కూడా కాసేపు షాకు కొట్టగలదు. అందులో బల్లి దూరి బోర్డు కాల్చడం నేను చాలాసార్లు చూశాను, పైపు దూరిన బెజ్జాన్ని పుట్టీతో మూయించండి. పూర్తి సర్వీసింగు ఏటా శివరాత్రి వెళ్ళగానే చేయించుకోండి. ఎండలు ముదిరాక మెకానిక్ దొరకడు, దొరికినా హడావుడిగా చేస్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, అమ్మకు చదివి వినిపించండి. ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. పాపకు తలంటు పోశాక అమ్మమ్మ కుంపట్లో నిప్పులేసి సాంబ్రాణి పొగ పడుతోంది కదా. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో ఆ నిప్పులు ఉండకూడదు. నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిపిల్లల ఊపిరితిత్తులకు మామూలు పొగే ఎక్కువ. సాంబ్రాణి మానెయ్యమని అమ్మమ్మతో నేను మాట్లాడతాను, ఆ మాట నాకు వదిలెయ్యండి. దోమల చక్రం కూడా ఆ గదిలో వెలిగించొద్దు, దోమతెర కట్టండి. రోజూ పొద్దునా సాయంత్రం కిటికీలు బార్లా తెరవండి. గాలి నేరుగా పాప మీద పడకుండా గాలి వచ్చే చోటి రెక్కలను రిమోటుతో పైకి తిప్పి, 26 డిగ్రీల దగ్గర ఉంచి ఫ్యాను మెల్లగా వెయ్యండి. 2020 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24తో మొదలవ్వాలని నియమం పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని లెక్క.

కాలిన వాసన వస్తే, చిటపటలు వినిపిస్తే, ముందు ఎంసీబీ కట్టెయ్యండి. పొగ కమ్మేసి ఉంటే దాని కోసం కూడా ఆగకండి. పాపను తీసుకుని అందరూ బయటికి వచ్చి తలుపు మూసి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఎంసీబీ ఎక్కడుందో, ఏది ఏసీదో ఈ రోజే చూసుకుని, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టండి.

శనివారం నాకు మూడు ఫొటోలు పంపండి. సాకెట్టు మూత వెయ్యకముందు దాని వెనక వైర్లది ఒకటి, గోడలో బ్రాకెట్టు బోల్టులది ఒకటి, పంపు ఆపాక గేజీ ముల్లుది ఒకటి. ముల్లు ఫొటో తీశాక పది నిమిషాలాగి మళ్ళీ ఇంకోటి తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. నేను ఫోన్ చేసేదాకా టేపు చుట్టొద్దని ఆయనకు చెప్పండి.

పాపకు నా ముద్దులు.

మీ తాతయ్య