పవర్ ఐస్ ఆగర్‌కి పెద్ద బిట్: అపోహలు - వాస్తవాలు

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, ఒంటారియోల్లో గడ్డకట్టిన సరస్సుల మీద గాలం వేసే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఐస్‌లో రంధ్రం వేసే మిషనే ఆగర్: పైన తిప్పే మోటారు లేదా ఇంజిన్ హెడ్, కింద బ్లేడున్న స్క్రూ బిట్. ముందు 6 లేదా 8 అంగుళాల ఆగర్ కొంటారు. కొన్నాళ్లకి 10 అంగుళాల బిట్ మీద కన్ను పడుతుంది. హెడ్ పాతదే ఉంచి బిట్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న. ఒక్కోసారి సరిపోతుంది. చాలాసార్లు సరిపోదు.

అపోహ: 8 నుంచి 10కి పెరిగేది రెండు అంగుళాలేగా, మోటారుకి తెలియను కూడా తెలియదు.

వాస్తవం: ఈ లెక్క తప్పితే మిషన్ పాడవుతుంది. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 6 అంగుళాల రంధ్రం 28 చదరపు అంగుళాలు, 8ది 50, 10ది 78.5. రెండడుగుల మందం ఉన్న ఐస్‌లో 8 అంగుళాల బిట్ బయటికి తోడాల్సిన మంచు సుమారు 18 కిలోలు. 10 అంగుళాల బిట్‌కి అదే 28 కిలోలు.

టార్క్ (తిప్పే బలం) కూడా ఇదే దారిలో పెరుగుతుంది. బ్లేడు పొడుగవుతుంది కాబట్టి ఒక్కో చుట్టులో కోసే ఐస్ ఎక్కువ. పైగా ఆ కోత షాఫ్ట్ మధ్య నుంచి మరింత దూరంలో జరుగుతుంది. రెండూ కలిస్తే 8 నుంచి 10కి అవసరమైన టార్క్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 6 నుంచి 10కైతే దాదాపు 2.8 రెట్లు. బ్యాటరీ మిషన్ అయితే ఒక చార్జింగ్‌కి 30 రంధ్రాలు వేసేది 19 దగ్గర ఆగిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో ముందు దెబ్బతినేది క్లచ్. లోడు తట్టుకోలేక ఇంజిన్ వేగం పడిపోగానే క్లచ్ షూలు డ్రమ్‌కి పూర్తిగా పట్టుకోకుండా జారుతూ వేడెక్కుతాయి. కాలిన వాసన వస్తుంది. విప్పి చూస్తే డ్రమ్ లోపల నీలం రంగు తిరిగి, షూలు అద్దంలా నునుపెక్కి ఉంటాయి. అందుకే హెడ్ తయారుచేసిన కంపెనీ మాన్యువల్‌లో గరిష్ఠ బిట్ సైజు ఎంత రాశారో ముందు అది చూడండి. 8 అని ఉంటే 8 దగ్గరే ఆగండి.

అపోహ: షాఫ్ట్‌కి ఎక్కితే చాలు, ఏ కంపెనీ బిట్ అయినా ఒకటే.

వాస్తవం: చాలా హెడ్లకి 7/8 అంగుళం (22.2 మి.మీ.) షాఫ్ట్ ఉంటుంది గానీ అన్నిటికీ కాదు. షాఫ్ట్ వ్యాసం, బోల్ట్ రంధ్రం వ్యాసం, షాఫ్ట్ కొస నుంచి ఆ రంధ్రానికున్న దూరం, ఈ మూడూ వెర్నియర్‌తో కొలిచాకే బిట్ ఆర్డర్ పెట్టండి. ఒకటి తేడా వచ్చినా తగిన అడాప్టర్ కావాలి. రంధ్రాన్ని డ్రిల్‌తో వెడల్పు చేసి సరిపెట్టడం మాత్రం వద్దు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ తీసేయండి, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్ వైరు లాగేయండి. బిగించడం పూర్తయ్యేదాకా బ్లేడు గార్డు తీయొద్దు. షాఫ్ట్ తుడిచి పలచగా గ్రీజు రాయండి, లేకపోతే నీరు చేరి తుప్పు పట్టి వచ్చే ఏడాది బిట్ ఊడదు. బోల్ట్ వేయకముందే బిట్‌ని షాఫ్ట్‌కి ఎక్కించి అటూ ఇటూ ఊపి చూడండి. కాస్త వదులుగా ఆడినా అది అడుగున, బ్లేడు దగ్గర, చాలా పెద్ద ఊపు అవుతుంది. రంధ్రం వంకరపోతుంది, బ్లేడు గోడకి కొట్టుకుంటుంది, ఆ అదురు మొత్తం గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. వదులు లేదనుకున్నాకే బోల్ట్, లాక్ నట్ వేసి బిగించండి. ఒక రంధ్రం వేశాక మళ్లీ బిగుతు చూడండి.

అపోహ: బోల్ట్ మాటిమాటికీ తెగుతోంది, గట్టి స్టీలు బోల్ట్ వేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: షియర్ బోల్ట్ ఉన్న మిషన్లలో అది తెగడానికే ఉంది. పెద్ద బిట్ ఎక్కడో ఇరుక్కున్నప్పుడు అది తెగకపోతే గేరు పళ్లు పోతాయి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడండి, జేబులో రెండు అదనంగా ఉంచుకోండి. తరచూ తెగుతుంటే బిట్ ఆ హెడ్‌కి మించినదని అర్థం, లేదా బ్లేడు మొద్దుబారింది.

అపోహ: దిగకపోతే మీద బరువేసి నొక్కాలి.

వాస్తవం: పదునైన షేవర్ బ్లేడు (నున్నటి అంచున్నది) తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. నొక్కితే ఒక్కసారిగా లోతుగా కరిచి ఆగిపోతుంది, ఆ తిప్పుడు మీ చేతులకి తగులుతుంది. బయటికొచ్చే ఐస్‌ని చూడండి. పలచటి పెద్ద పలుకులు వస్తే పదును బాగుంది, బొంబాయి రవ్వలా పొడి రాలుతుంటే పోయింది. సాన పట్టేటప్పుడు కోణం మారిందంటే అంచు వెనకున్న మడమ భాగం ముందు రాసుకుని, అంచు ఎంత పదునుగా ఉన్నా కోయదు. సాన అలవాటు లేనివాళ్లు కొత్త బ్లేడు జత కొనుక్కోవడమే మేలు. 8 అంగుళాల బ్లేడు 10 అంగుళాల బిట్‌కి పనికిరాదు. అడుగున ఇసుకో మట్టో ఒక్కసారి తగిలితే చాలు, కొత్త బ్లేడు కూడా పోతుంది. నిన్నటి రంధ్రం మళ్లీ గడ్డకడితే షేవర్ బ్లేడు ఎగిరెగిరి పడుతుంది. అలాంటి చోట పంటి అంచున్న చిప్పర్ బ్లేడు నయం.

ఆంధ్రా, తెలంగాణ తోటల్లో మొక్కల గుంతలు తవ్వే ఎర్త్ ఆగర్ బిట్ ఇక్కడ పనికొస్తుందా అని అడుగుతుంటారు. మట్టి బిట్ ఐస్‌ని కోయదు, ఐస్ బిట్ మట్టిలో ఒక్క గుంతకే పాడవుతుంది.

అపోహ: ఇంట్లో ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్‌కి ఏ సైజైనా తగిలించొచ్చు, వోల్టులు ఎక్కువుంటే చాలు.

వాస్తవం: చూడాల్సింది టార్క్. 8 అంగుళాల బిట్‌కి బ్రష్‌లెస్ మోటారు, 700 అంగుళ-పౌండ్లు దాటిన టార్క్, అర అంగుళం చక్ (బిట్‌ని పట్టే భాగం) కావాలి. డ్రిల్ మీద "20 మ్యాక్స్" అని ఉన్నా అది 18 వోల్టులదే. లో గేరులో, క్లచ్ రింగు డ్రిల్ గుర్తు మీద పెట్టి వాడండి. పక్క హ్యాండిల్ లేకుండా ఎప్పుడూ వద్దు, బిట్ పట్టేస్తే మణికట్టు మెలిపడుతుంది. చక్ వదిలితే బిట్ సరస్సులో మునిగిపోకుండా ఆపే ప్లేటు కూడా పెట్టుకోండి. బ్యాటరీలు కోటు లోపలి జేబులో ఉంచుకోండి, 0 డిగ్రీల సెల్సియస్ (32 ఫారెన్‌హీట్) కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకండి. 10 అంగుళాల బిట్‌ని చేతి డ్రిల్‌కి తగిలించమని మేం ఎవరికీ చెప్పం.

అపోహ: రంధ్రం పెద్దదైతే పెద్ద చేపలు పడతాయి.

వాస్తవం: గాలానికి తగిలేదాకా చేపకి రంధ్రం సైజుతో పనిలేదు. పెర్చ్, క్రాపీ, బ్లూగిల్ లాంటి చిన్న చేపలకి 6 అంగుళాలు చాలు. వాలై (walleye) చేపకి 8 హాయిగా సరిపోతుంది. పెద్ద నార్తర్న్ పైక్, లేక్ ట్రౌట్ కోసం వెళ్తే 10 నిజంగా ఉపయోగం. తల తిప్పి పైకి తెచ్చేటప్పుడు చోటు దొరుకుతుంది, చేపల్ని చూపే సోనార్ కోసం నీళ్లలోకి దించే ట్రాన్స్‌డ్యూసర్‌కి దారం చుట్టుకునే అవకాశం తగ్గుతుంది. అవి కాకపోతే 8 దగ్గరే ఉండమని మా సలహా. విస్కాన్సిన్‌లో గాలం వేసే రంధ్రం 12 అంగుళాలు దాటకూడదని నిబంధన ఉంది.

అపోహ: టెంటులో కాసేపు పెట్రోల్ ఆగర్ నడిపితే ఏం కాదు, ప్రొపేన్‌దైతే అసలే భయం లేదు.

వాస్తవం: రెండూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతాయి, దానికి రంగూ వాసనా లేవు. రంధ్రాలు ముందే వేసి, ఇంజిన్ దూరంగా పెట్టాకే టెంటు వేయండి. లేచి వెళ్లిపోయేటప్పుడు 10 అంగుళాల రంధ్రాన్ని అలాగే వదిలేయకండి. పిల్లల కాలు తొడదాకా దిగిపోయేంత వెడల్పది, పైన పలచటి ఐస్ పేరుకుంటే కనిపించదు కూడా. తోడిన మంచుని చుట్టూ కుప్పగా పోసి, మధ్యలో ఒక కొమ్మ నిలబెట్టండి.