విశ్వాసం వల్లనే రక్షణ: ఒక సిద్ధాంతం వెనుక ఉన్న చరిత్ర

మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎంచబడడం అతని సత్క్రియల ఫలితం కాదని, క్రీస్తునందు ఉంచిన విశ్వాసం వల్లనే అది కలుగుతుందని ప్రొటెస్టెంటు సంఘాలు బోధిస్తాయి. ఈ బోధ వినగానే చాలామందికి కలిగే అనుమానం ఒక్కటే: అలాగైతే మంచిపనులు చేయనక్కరలేదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. సిద్ధాంతం ఎంత పాతదో ప్రశ్నా అంతే పాతది. దానికి జవాబు చెప్పవలసిన అవసరమే ఈ సిద్ధాంతాన్ని చాలావరకు తీర్చిదిద్దింది.

మూలం అపొస్తలుడైన పౌలు పత్రికలలో ఉంది. యూదులు కాని విశ్వాసులు కూడా సున్నతి పొంది, ధర్మశాస్త్రానికి లోబడాలని కొందరు బోధకులు గలతీయ సంఘాలలో పట్టుబట్టారు. అంతకు ముందే అంతియొకయలో, అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుదీసినందుకు పౌలు అతనిని ముఖాముఖిగా ఎదిరించాడు. క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుతారన్న వాదం ఈ నేపథ్యం నుండి పుట్టి, రోమీయులకు రాసిన పత్రికలో పూర్తి రూపం దాల్చింది. అదే కొత్త నిబంధనలో యాకోబు పత్రిక, మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడునని చెబుతుంది. తర్వాతి శతాబ్దాలలో రెండు పక్షాల చేతుల్లోనూ ఈ రెండు వచనాలు ఆయుధాలయ్యాయి.

అయిదవ శతాబ్ది తొలినాళ్లలో మనిషి తన సంకల్పబలంతోనే ఆజ్ఞలను పాటించగలడని పెలాగియస్ అనే క్రైస్తవ బోధకుడు చెప్పగా, దేవుని కృప ముందుగా కదిలించకపోతే మనిషి మేలు కోరనైనా కోరలేడని ఉత్తరాఫ్రికా బిషప్పు అగస్టీను ఎదురు నిలిచాడు. 418లో కార్తేజి సభ, 529లో ఆరెంజ్ సభ పెలాగియస్ ధోరణిని తోసిపుచ్చాయి. అయితే అగస్టీను దృష్టిలో నీతిమంతుడు కావడమంటే కృప మనిషి లోపల పనిచేసి అతనిని క్రమంగా నీతిమంతుడిగా మార్చడం. మధ్యయుగపు సంఘం ఈ అవగాహననే స్వీకరించి, బాప్తిస్మం వంటి దివ్యసంస్కారాల ద్వారా కృప అందుతుందని, దానితో సహకరించే మనిషికి పుణ్యఫలం చేకూరుతుందని వివరించింది. చివరికి ఒక సామాన్య విశ్వాసి మనసులో మిగిలిన ప్రశ్న: నేను తగినంత చేశానా?

ఆ ప్రశ్న 1505లో ఎర్‌ఫుర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్‌ను వెంటాడింది. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి గురువు ఎదుట పాపాల ఒప్పుకోళ్లు అతనికి నెమ్మది ఇవ్వలేదు. విట్టెన్‌బర్గ్‌లో కీర్తనలను, 1515–16లో రోమా పత్రికను బోధిస్తున్న కాలంలో అతని ఆలోచన మారుతూ వచ్చింది. రోమా 1:17లోని "దేవుని నీతి" పాపిని శిక్షించే నీతి కాదని, విశ్వసించినవానికి దేవుడు దానంగా ఇచ్చే నీతి అని గ్రహించినప్పుడు తనకు పరదైసు ద్వారాలు తెరుచుకున్నట్లయిందని అతడు 1545లో రాసుకొన్నాడు.

లూథర్ వెలువరించిన 1517 అక్టోబరు 31 నాటి 95 ప్రతిపాదనలలో ఈ సిద్ధాంతం ఇంకా స్పష్టంగా కనిపించదు. అవి ప్రధానంగా పాపశిక్షను తగ్గిస్తామంటూ అమ్మిన పరిహార పత్రాల మీద సంధించినవి. ఆ అమ్మకాల సొమ్ములో సగం రోములోని సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణానికి, మిగతా సగం మైన్జ్ ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం ఫుగ్గర్ వర్తకుల వద్ద చేసిన అప్పు తీర్చడానికి వెళ్లింది. 1520 నాటికి మాత్రం లూథర్ బోధ తేటపడింది: విశ్వాసి నీతి అతనిలో పుట్టినది కాదు, క్రీస్తుది, అది అతని లెక్కలోకి చేరుతుంది, కనుక విశ్వాసి ఏకకాలంలో పాపీ, నీతిమంతుడూ. మంచి చెట్టు మంచి ఫలాలు ఫలించినట్లు క్రియలు విశ్వాసం నుండి వస్తాయి గాని, ఫలాలు చెట్టును మంచిదిగా చేయవు.

ఈ విభేదం తప్పనిసరి కాదేమో అనిపించే ఘట్టం ఒకటి ఉంది. దానిని సాధారణంగా ఎవరూ తలచుకోరు గనుక ఇక్కడ చెప్పాలి. 1541లో చక్రవర్తి అయిదవ చార్లెస్ ఏర్పాటు చేసిన రెగెన్స్‌బర్గ్ చర్చల్లో ప్రొటెస్టెంట్ల పక్షాన మెలాంక్‌థన్, బ్యూసర్, కథోలికుల పక్షాన ఎక్, గ్రోపర్ కూర్చుని, పోపు ప్రతినిధి కార్డినల్ కొంటారిని సమక్షంలో సరిగ్గా ఈ అంశం మీదే ఉమ్మడి పాఠానికి అంగీకరించారు. కాని దివ్యసత్ప్రసాదం (ప్రభుభోజనం) విషయంలో చర్చలు తెగిపోయాయి. ఆ పాఠాన్ని లూథర్ నమ్మలేదు, రోము ఒప్పుకోలేదు.

1547 జనవరి 13న కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ తన తీర్పు వెలువరించింది. మరేదీ అవసరం లేకుండా విశ్వాసం ఒక్కటే పాపిని నీతిమంతుడిగా చేస్తుందనేవారిని తొమ్మిదవ నియమం శపించింది. అయితే కృప లేకుండా స్వక్రియలతో నీతిమంతుడు కావచ్చుననేవారిని మొదటి నియమమే శపించిందని కూడా గుర్తుంచుకోవడం న్యాయం. కథోలికులు క్రియలతో రక్షణ కొనుక్కోవచ్చునని నమ్ముతారన్న ప్రచారం ఆ సభ తీర్మానాలకే విరుద్ధం.

లూథర్ మరణానంతరం అతని అనుచరులలోనే కలహం రేగింది. రక్షణకు సత్క్రియలు అవసరమని గెయోర్గ్ మేయర్ అనగా, అవి రక్షణకు హానికరమని ఆంస్‌డోర్ఫ్ తిప్పికొట్టాడు. 1577 నాటి లూథరన్ల సమన్వయ ప్రకటన రెండు అతివాదాలనూ నిరాకరించి, సత్క్రియలు విశ్వాసికి విధి అని, కాని రక్షణకు కారణం కావని తేల్చింది. నీతిమంతుడిగా చేసేది విశ్వాసం ఒక్కటే అయినా, ఆ విశ్వాసం ఒంటరిగా ఉండదని మరో సంస్కర్త కాల్విన్ అప్పటికే చెప్పి ఉన్నాడు. క్రియలు అక్కరలేదన్న వక్రభాష్యాన్ని ముందుగా ఖండించినవారు ఈ సిద్ధాంతాన్ని నమ్మినవారే.

తర్వాత ఈ బోధ పండితుల గదులు దాటింది. 1738 మే 24న లండన్‌లో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా విన్న జాన్ వెస్లీ ఆ నిశ్చయతను పొంది, మెథడిస్టు ఉద్యమానికి ప్రాణం పోశాడు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని మిషనరీ షుల్జ్ తెలుగులోకి అనువదించగా, అది 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరుకోవడంతో మొదలైన మిషన్ పని 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘంగా రూపొందింది.

ఇరవయ్యవ శతాబ్దిలో చర్చ మళ్లీ తెరుచుకుంది. 1957లో హాన్స్ క్యుంగ్ అనే కథోలిక వేదాంతి, ప్రొటెస్టెంటు వేదాంతి కార్ల్ బార్ట్ బోధకూ ట్రెంట్ బోధకూ మౌలిక వైరుధ్యం లేదని వాదించాడు. 1977లో కొత్త నిబంధన పండితుడు ఇ.పి. శాండర్స్, పౌలు నాటి యూదులు క్రియలతో దేవుని అనుగ్రహాన్ని సంపాదించుకోవాలని చూశారన్న పాత చిత్రణనే ప్రశ్నించాడు. చివరకు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక సంఘమూ, ఆంధ్ర సంఘం కూడా సభ్యురాలైన లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఈ సిద్ధాంతం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన అర్హత వల్ల కాక కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంలో దేవుడు మనలను అంగీకరిస్తాడని, సత్క్రియలకు పిలుస్తాడని అందులో ఉంది. 2006లో మెథడిస్టులు, 2017లో కాల్విన్ సంప్రదాయానికి చెందిన సంస్కరణ సంఘాలు దానితో చేరాయి. కాని అమెరికాలోని మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘం దానిని తిరస్కరించింది. జర్మనీలో పలువురు ప్రొటెస్టెంటు ఆచార్యులు సంతకాలకు ముందే బహిరంగంగా వ్యతిరేకించారు. విశ్వాసి ఇంకా పాపియే అన్న మాటకు అర్థమేమిటి, పుణ్యఫలం అనే మాటకు చోటుందా అన్న చోట్ల భేదాలు ఆ ప్రకటనలోనే నమోదై ఉన్నాయి. ఒకే బల్ల వద్ద ప్రభుభోజనం పంచుకునేందుకు ఆ సంతకాలు ఇప్పటికీ చాలలేదు.