పాత పన్నును కోసే ముందు ఒక ఎక్స్-రే

ఎముకకు మతిమరుపు ఎక్కువ. పసితనంలో రికెట్స్‌తో (విటమిన్ డి లేమితో ఎముకలు మెత్తబడే జబ్బు) వంగిన కాలి ఎముక కూడా, తర్వాత ఎండా తిండీ సరిగా అందితే, పెరిగేకొద్దీ చాలావరకు తిన్నబడుతుంది. పంటిలో ఎనామెల్ కింద ఉండే గట్టి పదార్థం డెంటిన్ అలా కాదు, ఒకసారి గట్టిపడితే మళ్లీ మారదు. అందుకే పాత సమాధుల్లో దొరికిన మనుషులకు బాల్యంలో విటమిన్ డి కొరత ఉందో లేదో తేల్చడానికి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన లోరీ డి'ఓర్టెంజియో, మేగన్ బ్రిక్లీ బృందం పళ్లను ఆశ్రయించింది.

డెంటిన్‌లో ఖనిజం మొదట చిన్న చిన్న గోళాలుగా పేరుకుంటుంది. కాల్షియం, ఫాస్ఫేట్ చాలినంత ఉంటే ఆ గోళాలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. విటమిన్ డి తగ్గితే కలవవు, నడుమ ఖనిజం చేరని సందులు మిగిలిపోతాయి. దీన్నే ఇంటర్‌గ్లోబ్యులర్ డెంటిన్ అంటారు. ఆ తర్వాత ఎంత పాలు తాగినా ఆ సందులు పూడవు.

వాటిని చూడాలంటే పన్ను కోయక తప్పదు. రెసిన్‌లో పోతపోసి, వజ్రపు బ్లేడుతో సుమారు 0.1 మిల్లీమీటరు మందాన పలక తీసి, మైక్రోస్కోపు కింద పెడతారు. కోత సరిగ్గా పంటి నమిలే వైపు ఉండే బొడిపె కొన గుండా వెళ్లాలి. పక్కకు జరిగితే అన్నిటికన్నా ముందు ఏర్పడిన పొరలు తప్పిపోయి, వయసు లెక్క చెడుతుంది. ఇంత చేశాక పంటిలో ఏమీ కనిపించకపోతే? పన్ను పోయినట్టే. మ్యూజియంలు అనుమతికి వెనకాడడంలో తప్పేమీ లేదు.

ఎక్స్-రే అక్కరకొచ్చేది ఇక్కడే. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే ఆ సందులు మామూలు దంత ఎక్స్-రేలో కనిపించవు. కనిపించేది పంటి నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్ గది ఆకారం. కొరత ఉన్నవారి దవడ పళ్లలో బొడిపెల వైపు సాగే పల్ప్ కొమ్ములు నొక్కినట్టు సన్నగానో, గది మొత్తం కుర్చీ ఆకారంలోనో ఉండటం ఈ బృందం గమనించింది. పన్నును మైనంలో నిలబెట్టి, సెన్సర్‌కు సమాంతరంగా ఉంచి తీయాలి. వాలితే కొమ్ము పొడవు తప్పుగా పడుతుంది. వయసు పెరిగేకొద్దీ లోపల కొత్త డెంటిన్ చేరి గది కుంచించుకుపోతుంది. అరుగుదల, పుచ్చు కూడా అదే పని చేస్తాయి. కాబట్టి అరిగిన ముసలి పళ్లను మొదటే పక్కన పెట్టాలి. ఎక్స్-రే రోగనిర్ధారణ కాదు, జల్లెడ. ఏ పన్ను కోయదగ్గదో మాత్రమే చెబుతుంది.

కోసిన పంటిలో సందులు ఏ పొరలో ఉన్నాయో చూస్తే కొరత ఏ వయసులో వచ్చిందో తెలుస్తుంది. మొదటి శాశ్వత దవడ పన్ను తల భాగం పుట్టుక సమయంలో మొదలై మూడేళ్లకు పూర్తవుతుంది, వేరు తొమ్మిది పదేళ్లకు. జ్ఞానదంతం కౌమారం దాకా లెక్క రాసుకుంటూనే ఉంటుంది. ఇలా చదివితేనే క్యూబెక్ గ్రామీణ ప్రాంతంలో 24 ఏళ్లకు చనిపోయిన ఒకతనికి, 13 నిండకముందే నాలుగుసార్లు రికెట్స్ వచ్చినట్టు తేలింది.

పొరబడే వీలూ ఉంది. నేల బాక్టీరియా తొలిచిన సొరంగాలు కొత్తవారికి ఈ సందుల్లాగే కనిపిస్తాయి. వేరు అంచున సహజంగానే ఉండే టోమ్స్ గరుకు పొరా అంతే. వంశపారంపర్యంగా ఫాస్ఫేట్ తగ్గే జబ్బులోనూ ఇవే సందులు వస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కువైనా వస్తాయి, మనకు ఇది మరీ ముఖ్యం. 1937లో ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి వైద్యులు నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అటువంటి నేలలోనో, నల్లగొండ వైపో దొరికిన పంటికి ముందు ఆ ఊరి బావినీళ్ల సంగతి కనుక్కోకుండా రికెట్స్ అనడం తొందరపాటే.

కోయకుండానే చూసే దారి మైక్రో-సీటీ, అంటే అతి సూక్ష్మ వివరాలు చూపే సీటీ స్కాన్. నెదర్లాండ్స్‌లోని బీమ్‌స్టర్, హాటెమ్ సమాధుల పళ్లపై దాన్ని వాడారు. దంత వైద్యశాలల్లోని కోన్-బీమ్ సీటీ దీనికి చాలదు. దానికి కనిపించే అతి చిన్న చుక్కే సుమారు 75 మైక్రాన్లు, సందులు చాలావరకు అంతకన్నా చిన్నవి.