మిరప కల్లంలో తెల్లటి గుండ్రాలు

గుంటూరు దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో, రాత్రి మిరప కల్లానికి కాపలా పడుకున్న మా తమ్ముడు ఒక ఫోటో పంపాడు. ఎండుమిరపకాయల రాశి, సగం కప్పిన పరదా, పైన చీకట్లో ఏడెనిమిది తెల్లటి గుండ్రాలు. ఒకదానితో పోలిస్తే చంద్రుడు చిన్న చుక్కలా ఉన్నాడు. "అన్నయ్యా, ఇక్కడంతా కొరివి దెయ్యాలంటున్నారు. కంటికేమో ఒక్కటీ కనపళ్లేదు, ఫోటోలో ఎట్లా పడ్డాయి?" అని అడిగాడు.

అది దుమ్ము. ఆ మాట చెప్పి ఊరుకుంటే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే కూడా. కంటికి ఆనని నలుసు చంద్రుడికన్నా పెద్దగా ఎలా కనిపిస్తుంది?

ఫోన్ లెన్సులో వెలుతురు దూరే కంత సుమారు 2.5 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫోకస్ దూరంగా ఉన్న రాశి మీద ఉంది. లెన్సు ముందు 5 సెంటీమీటర్లలో తేలే నలుసు నుంచి వచ్చే కాంతి సెన్సార్ మీద చుక్కగా చేరలేక, ఆ కంత ఆకారంలోనే పరుచుకుంటుంది. వెడల్పు కావాలంటే కంత సైజును నలుసు దూరంతో భాగించాలి: 2.5ని 50తో (5 సెంటీమీటర్లంటే 50 మిల్లీమీటర్లు) భాగిస్తే 0.05 రేడియన్ (కోణానికి ఒక కొలత), అంటే దాదాపు 3 డిగ్రీలు. ఆకాశంలో చంద్రుడు అర డిగ్రీ. ఆరింతలు! ఈ లెక్కలో నలుసు సైజు ఎక్కడా రాలేదు చూడండి, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. మనం చూసేది నలుసును కాదు, మన కెమెరా కంతను. పాత కెమెరా లెన్సు మీద మూడు మూలల కంత కోసిన నల్ల కాగితం పెట్టి, ఎదురుగా ఖాళీ గోతం దులిపించి ఫ్లాష్ కొట్టాను. మచ్చలన్నీ మూడు మూలలుగా వచ్చాయి.

అంత పరుచుకున్నా వెలుగెలా మిగిలిందంటే, ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంది. 5 మీటర్ల అవతలి రాశి కన్నా నలుసు 100 రెట్లు దగ్గర, వెలుగు దూరం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాని మీద పడే వెలుగు 100 × 100, అంటే 10,000 రెట్లు. మరి కంటికెందుకు కనపడలేదు? నలుసు ఫోనుకు అవతలి పక్కనుంది, కంటికి ఫోనే అడ్డం.

బడిలో కటకాల లెక్కలు డజన్లకొద్దీ చేయిస్తారు, ఫోకస్ తప్పిన వస్తువు ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఆ ఫోటో చూసి కాయలేరే ఆడవాళ్లు పొద్దుగూకాక కల్లానికి రావడం మానేశారట, నాకు అది బాధనిపించింది.

మర్నాడు రాత్రి తమ్ముడు ఫ్లాష్ ఆపి తీశాడు, ఒక్కటీ లేదు. తర్వాత ఫ్లాష్ వేసి, పరదా మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, వాళ్లందరి ముందే తీశాడు. లెక్కపెట్టి చెప్పాడు: 43.