పాత కార్లు, మార్పులు చేసిన కార్లు: మీట్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మారుతి 800లు ఎక్కువగా వస్తాయి. ఆదివారం పొద్దున కార్ల పిచ్చి ఉన్నవాళ్లంతా బండ్లు ఒకచోట నిలిపి, బానెట్లు ఎత్తి మాట్లాడుకుంటుంటే నేనూ వెళ్తాను. పెయింట్ మెరుపు గురించి, సైలెన్సర్ చప్పుడు గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. బ్రేకుల గురించి అడిగేవాళ్లు తక్కువ. నాకు అదే బాధ. అక్కడ మళ్లీ మళ్లీ వినే మాటలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

అపోహ: "అంబాసిడర్ రేకు మందం, గుద్దినా ఏమీ కాదు. ఇప్పటి కార్లు అగ్గిపెట్టెలు."

వాస్తవం: కారుకు ఏమీ కాకపోవచ్చు, లోపలున్న మనిషికి అవుతుంది. ఇప్పటి కార్ల ముందు భాగాన్ని నలిగేలాగే తయారు చేస్తారు. అది నలుగుతున్నప్పుడు దెబ్బలో చాలా భాగం అక్కడే ఖర్చైపోతుంది, మనుషులు కూర్చునే చోటు మాత్రం గట్టిగా నిలబడుతుంది. అంబాసిడర్ 2014 దాకా తయారైనా, మూలం 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందులో ఈ ఏర్పాటు లేదు. ముందు భాగం నలగకపోతే ఆ కుదుపు నేరుగా మనిషికే చేరుతుంది. పాత మోడళ్లలో స్టీరింగ్ రాడ్డు మడతపడని కడ్డీ, డ్రైవర్ ఛాతీ మీదికే వస్తుంది. సీటు బెల్టులే లేని బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. పిల్లల్ని ముందు సీట్లో నిలబెట్టి తిప్పేవాళ్లు కనిపిస్తే నేను మొహమాటపడను, అక్కడే చెప్పేస్తాను.

అపోహ: "ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంది, అసలు తిరగలేదు, కొత్తదాని కింద లెక్క."

వాస్తవం: ఏళ్ల తరబడి నిలబెట్టిన కారుకు తిరిగిన కారు కంటే ఎక్కువ పని ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మార్చకుండా వదిలేస్తే వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగాలు) లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, సీళ్లు పాడైపోతాయి. పాత తరం బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ లైను. ఒక్కచోట లీకైతే నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేకే. అందుకే అలాంటి బండి వస్తే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే నాలుగు చక్రాల బ్రేక్ డ్రమ్ములూ విప్పుదాం అంటాను. ఓనరుకు ఇంజిన్ చప్పుడు వినాలని ఆత్రం ఉంటుంది, నాకు తెలుసు. అయినా ముందు బ్రేకులే.

తర్వాత పెట్రోలు. ట్యాంకులో మిగిలిపోయింది జిగురై కార్బురేటర్ జెట్లను, అంటే ఇంజిన్‌కు పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలను, మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను దెబ్బతీస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే మంటే. పైపులు, గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి.

టైరు గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2312 అంటే 2012లో 23వ వారంలో తయారైంది. గాట్లు బాగున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో పట్టు ఉండదు.

అపోహ: "పాతదే కదా, వింటేజ్ నంబరు ఇచ్చేస్తారు."

వాస్తవం: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఛాసిస్ (కింది చట్రం), బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్ల కోసమే బయటికి తీయాలి. 1974 నాటి కారు ఇప్పుడు వయసు పరంగా సరిపోతుంది, కానీ దానికి వేరే డీజిల్ ఇంజిన్ ఎక్కించి ఉంటే ఆ అవకాశం పోయినట్టే. ఇంజిన్ మార్చమని వచ్చేవాళ్లను అందుకే ఒకసారి ఆగమంటాను. తీసేసింది పాత సామాను కొట్టుకి వెళ్తే అదే నంబరు ఇంజిన్ మళ్లీ దొరకదు.

అపోహ: "చిన్న చిన్న మార్పులకు పర్మిషన్ ఎందుకు?"

వాస్తవం: రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇది అడ్డం వస్తుంది.

అపోహ: "స్ప్రింగు రెండు చుట్లు కోస్తే కారు రోడ్డును పట్టుకుంటుంది."

వాస్తవం: కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. గుంతలో చక్రం ఎగిరి రోడ్డునే వదిలేస్తుంది. అంబాసిడర్‌కైతే ముందు ఉండేది టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీలు. కోయడానికి చుట్లే ఉండవు.

అపోహ: "లైట్లు మసకగా ఉన్నాయి, ఎల్‌ఈడీ బల్బు వేస్తే సరి."

వాస్తవం: పాత రిఫ్లెక్టర్ మామూలు ఫిలమెంట్ బల్బు కోసం చేసింది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ముందు ఎర్త్ వైరు శుభ్రం చేయించండి. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు లాగితే, కరెంటు సరిగా అందక మసకబారిన అదే బల్బు బాగా వెలుగుతుంది.