పరీక్షలూ టోర్నమెంట్లూ ఒకే నెలలో: డెల్టా కాలేజీ ఆటగాళ్ల టెన్షన్ ఎక్కడ మొదలైంది?

నవంబరులో భీమవరం, అమలాపురం కాలేజీ గ్రౌండ్లలో ఆటగాళ్ల కిట్ బ్యాగు తెరిస్తే బూట్ల పక్కనే జిరాక్స్ నోట్సు కనిపిస్తాయి. పూర్వం ఈ అవసరం ఉండేది కాదు.

డిగ్రీకి ఏడాదికి ఒక్కసారే, మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలుండేవి. దసరా తర్వాత కాలేజీ పోటీలు, సార్వా కోతలయ్యాక సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ, వాలీబాల్, ఆ తర్వాతే పుస్తకాలు. 2006లో రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఉభయగోదావరి డిగ్రీ కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. సెలక్షన్లకు విశాఖ దాకా వెళ్లాల్సి వచ్చినా, ఆ రోజుల్లో పరీక్ష భయం వెంట వచ్చేది కాదు.

2015-16లో రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. చదువు కోణంలో అది మంచి మార్పే. కానీ ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, మధ్యలో ఇంటర్నల్స్. మొదటి సెమిస్టర్ ముగిసే రోజులూ ఇంటర్ యూనివర్సిటీ పోటీల రోజులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆటల క్యాలెండర్‌ను మాత్రం ఎవరూ కదపలేదు. వేరే రాష్ట్రంలో టోర్నమెంట్ అంటే రైలు ప్రయాణంతో కలిపి వారం, పది రోజులు క్లాసులు పోతాయి. 75 శాతం అటెండెన్స్ లెక్క, బ్యాక్‌లాగ్ భయం కోర్టులోకీ వెంట వస్తాయి.

ఆ భయం ఒంటి మీద పనిచేస్తుంది. ఒత్తిడిలో కండరాలు బిగుసుకుంటాయి, చూపు ఇరుకవుతుంది, పక్కనుంచి వచ్చే బంతి ఆలస్యంగా కనబడుతుంది. గాయాలకు ఇదొక దారి అని 1988లోనే ఆండర్సన్, విలియమ్స్ అనే పరిశోధకులు వివరించారు. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 101 మందిని సీజనంతా గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. చదువు ఒత్తిడి తక్కువున్న వారాలకంటే పరీక్షల వారాల్లో గాయం వల్ల ఆట తగ్గించుకోవాల్సి వచ్చే అవకాశం సుమారు 1.8 రెట్లు ఉందట.

నిద్ర సంగతి ఇంకా ముఖ్యం. స్టాన్‌ఫర్డ్‌లో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రాత్రికి 10 గంటలు పడకమీద ఉండమన్నారు. ఫ్రీత్రోలు (ఎవరూ అడ్డుపడకుండా బుట్టలోకి వేసే త్రోలు) 9 శాతం మెరుగుపడ్డాయి, పరుగు వేగం పెరిగింది. మన హాస్టల్ పిల్లాడు ఒంటిగంట దాకా చదివి, తెల్లారి ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉంటాడు. బంతి వదిలేస్తే మనం "ఫామ్ పోయింది" అంటాం.

ఇంటర్నల్ రోజున జట్టుతో ఊరెళ్లినవాడికి ఆ పరీక్ష మళ్లీ పెట్టడం చాలాచోట్ల ఇంకా లెక్చరర్ మంచితనం మీదే ఆధారపడి ఉంది. టోర్నమెంట్ లెటర్ పట్టుకుని పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారే స్టాఫ్‌రూమ్ చుట్టూ తిరుగుతున్నారు.